గసగసాలు

పావుకిలో గసగసాలకని పంపింది అమ్మ.
కొట్టావిడ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది:
వచ్చింది, కొనుక్కుంది, చిల్లర జేబులో వేసుకుంది,
తలుపు దగ్గర ఆగి టోపీ సర్దుకుంది.
కొట్టు నుంచి మా మెట్లదాకా నూట నలభై అడుగులు.
నాన్న కొలిచాడు. పోలీసులు కొలిచారు.
పెద్దయ్యాక ఓసారి తాగి నేనూ కొలిచాను.

తొంభై మూడు డిసెంబరు, ఊస్త్కా.
బాల్టిక్ మీంచి ఉప్పుగాలి ముఖాన కొట్టే సాయంత్రం.
బొగ్నా అక్కకి పదకొండు. నాకు ఆరు.

మా వైపు క్రిస్మస్ ముందురాత్రి ప్రతి ఇంటా
ఒక పళ్లెం ఎక్కువ పెడతారు,
దారి తప్పి ఎవరైనా వస్తారేమోనని.
పక్కిళ్లలో అది ఆచారం.
మా ఇంట్లో ఆ పళ్లేనికి పేరుంది,
అందులో ముళ్లు తీసిన చేపముక్క ఉంది.
ఎనిమిదో ఏట ఆకలికి ఆగలేక అది నేను తినేశాను.
ఎవరూ తిట్టలేదు.
అమ్మ ఇంకో ముక్క తెచ్చి, ముళ్లు తీయడం మొదలుపెట్టింది.

ఫోనొస్తే "లేదు" అనకూడదు.
"ఇంకా రాలేదు" అనాలి.
అక్షరాలకన్నా ముందు నాకు వచ్చిన వ్యాకరణం అది.

గుర్తు తెలియని శవం దొరికిందని కబురొస్తే
నాన్న రైలెక్కేవాడు. ష్చెచిన్, గ్దాన్‌స్క్,
ఒకసారి సరిహద్దు దాటి కూడా.
తిరిగొచ్చి బూట్లయినా విప్పకుండా అనేవాడు, "కాదు."
ఆ రాత్రి అమ్మ వెన్న ఎక్కువేసి బంగాళాదుంపలు వేయించేది.
కడుపునిండా తినేవాళ్లం,
ఎవరి కూతురో ఆ బల్ల మీద ఉండగా.

ఏడాదికో రెండేళ్లకో నోట్లు మారాయి.
సర్కారు నాలుగు సున్నాలు కొట్టేసింది.
ఊరంతా లెక్కలు తిరగరాసుకుంటుంటే అమ్మ మాత్రం
"దాని జేబులోవి పాత డబ్బులు కదా,
బస్సువాడు ఎక్కించుకుంటాడో లేదో" అంది.

పోలీసుల బొమ్మలాయన ఐదేళ్లకోసారి అక్కని పెంచుతాడు.
పదహారు. ఇరవై ఒకటి.
"గడ్డం తప్పు, అది మీ మేనత్త గడ్డం" అంటుంది అమ్మ.
నలభయ్యో ఏటి బొమ్మని గోడకి పెట్టనివ్వలేదు,
"ఎవరో ఈవిడ" అంది.
తర్వాత చూద్దును కదా,
కళ్లజోడు పెట్టుకుని, నా కూతురి రబ్బరు తీసుకుని
చెంపమీది నెరిసిన వెంట్రుక ఒకటి చెరిపేస్తోంది.

ఇన్‌స్పెక్టర్ విల్చెక్ రిటైరైన వారం కేకు పట్టుకొచ్చాడు.
ఫైలు కొత్త కుర్రాడి దగ్గరుందట, మంచివాడేనట.
కేసు వయసు కన్నా కుర్రాడి వయసు తక్కువ.

నాన్న పోయాక ఫ్లాటు వాటాల్లో అక్క పేరొచ్చింది.
"పదేళ్లు దాటింది. చనిపోయినట్టు కోర్టు ప్రకటిస్తుంది,
ఇక్కడ ఒక్క సంతకం చాలు" అన్నాడు వకీలు.
"సంతకం పెట్టి కన్నానా?" అంది అమ్మ.
ఫ్లాటు అలాగే ఉంది.
అక్క వాటాకి పన్ను ఏటా నేను కడుతున్నాను.

నవంబరు ఒకటిన శ్మశానమంతా గాజుదీపాలు.
అమ్మ సంచిలో రెండుంటాయి. ఒకటి నాన్నకి.
రెండోది వెలగకుండానే ఇంటికి తిరిగొస్తుంది.
వంటింటి సొరుగు మూసుకోవడం ఎప్పుడో మానేసింది.

నిన్న నా కూతురు కింగా,
పన్నెండేళ్లది, మేనత్త కన్నా ఏడాది పెద్దది,
నిమ్మకాయలకి ఒక్కదాన్నే వెళ్తానంది.
సరేనన్నది నా నోరు.
కాళ్లు అప్పటికే బూట్లు వెతుక్కుంటున్నాయి.
కిటికీ దగ్గర అమ్మ పెదాలు కదులుతున్నాయి.
ప్రార్థన కాదు, నాకు తెలుసు, అంకెలు.
నూట నలభై దాటి, రెండొందలు దాటి,
చెవులు ఎర్రబడి తలుపు తోసుకొచ్చింది పిల్ల.
"క్యూ ఉంది" అంది, అంతే.
చిల్లర బల్ల మీద పోసింది.
అమ్మ దాన్ని దగ్గరికి లాక్కుని లెక్కపెట్టింది.
సరిపోయింది.
మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.