ఒకవైపే అరిగిన పళ్ళు

మొదట టైరనుకున్నాను.
గ్రీమ్స్‌పేట దాటి నీవా వంతెన మీదికొచ్చేసరికి
ముల్లు నలభై తాకితే చాలు,
వెనకసీటు కింద ఎవరో కూర్చుని
తిరగలి తిప్పుతున్నట్టు.
టైర్లు అటివిటు ఇటివటు మార్పించాను. తిరగలి ఆగలేదు.
సైలెన్సరు బుష్షులన్నాడు ఒకడు. వేయించాను.
"పాత పద్మిని గదా మేడం, పాడతాది" అన్నాడు ఇంకొకడు.
వాడికి డబ్బివ్వలేదు.

మురకంబట్టు దారిలో దస్తగిరి షెడ్డు.
బండిని వెనక లేపి, స్టాండ్ల మీద నిలిపి,
గేరులో చక్రాలను గాల్లో తిరగనిచ్చి,
బారు స్క్రూడ్రైవరు మొన ఇరుసు గొట్టానికి ఆనించి
పిడిని చెవి వెనక ఎముకకు ఆనించుకున్నాడు.
కుడివైపు విన్నాడు. ఎడమవైపు విన్నాడు.
మళ్ళీ ఎడమవైపు.
నోట్లో బీడీ ఆరిపోయింది, చూసుకోలేదు.
ఇంజను ఆపమని చెయ్యి ఊపి
చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కదిపాడు,
ఊగే పన్నును నాలుక కదిపినట్టు.
"ఇదక్కా. ఇది నిన్నామొన్నటి జబ్బు గాదు."

డ్రమ్ము ఊడదీస్తే లోపలంతా నూనె.
సీలు ఎప్పుడో చచ్చింది,
బ్రేకు షూలు అప్పడాల్లా నానిపోయాయి.
ఇన్నాళ్ళూ బ్రేకు ఒకపక్కకు లాగితే
నేర్చుకునేవాళ్ళను తిట్టాను.

నాలుగు నట్లు. జారుడు సుత్తితో ఐదు దెబ్బలు.
మూరలకొద్దీ బయటికొచ్చింది ఎడమ ఇరుసు.
కిరోసిన్ గుడ్డతో తుడిచి నా చేతుల్లో పెట్టాడు.
బేరింగు కూర్చున్న చోట
ఏళ్ళనాటి ఉంగరం తీసిన వేలిలా పల్లం.
చివర పళ్ళు కత్తి అంచుల్లా.
"ఎవురు తోల్తారక్కా ఈ బండి?"
అందరూ, అన్నాను.

పద్దెనిమిదేళ్ళు. తెల్లరేకు మీద ఎర్ర ఎల్ అక్షరం.
వెనక బస్సు హారను కొడితే
క్లచ్ ఒక్కసారిగా వదిలేసే నర్సు ఎస్తేరమ్మ.
చెప్పులు విప్పితేగానీ పెడలు అందదనే
గుజ్జు ఫ్యాక్టరీ మేస్త్రి కుప్పయ్య.
'ఆయన టెంపో నేను అమ్మను, తోల్తా' అని
నలభయ్యో రోజున వచ్చి చేరిన ధనకోటమ్మ.
ఐదుసార్లు తప్పిన లెక్కల మాస్టరు.
వాళ్ళ పేర్లు రిజిస్టర్లో రాశాననుకున్నాను.
అసలు హాజరుపట్టీ ఇది.

"పళ్ళు ఒకపక్కే అరిగినాయి జూడు.
ముందుకు పొయ్యే పక్క.
రివర్సు పక్క ఇంకా కొత్తగానే ఉండాది."
నేను ఏం నేర్పలేదో
ఇనుము ముఖం మీదే చెప్పింది.

కొత్తది దొరకదు, చేసేవాళ్ళే లేరు.
దస్తగిరి తమ్ముడు వేలూరు పాతసామాన్ల సందులోంచి
గోనెపట్టాలో చుట్టి బస్సులో తెచ్చాడు.
మద్రాసు డాక్టరమ్మ బండిదట; గుంతలెరగదట.
నమ్మలేదు దస్తగిరి.
లేతు మీద కట్టి తిప్పుతూ సుద్దముక్క ఆనించాడు.
గీత చుట్టూ తెగకుండా పడింది. అప్పుడు నమ్మాడు.

కాలరును గ్యాసు మంటలో కాల్చడం మాత్రం
నన్ను దూరంగా నిలబెట్టి చేశాడు.
ఇనుము పసుపు తిరిగింది, నేరేడు తిరిగింది,
పట్టకారుతో ఎత్తి ఇరుసు మీద జారవిడిచాడు.
టంగ్.
ఒక్కటే అవకాశం, మధ్యలో పట్టేసిందా గోవిందా.
ఊపిరి నేను కూడా బిగపట్టాను, ఎందుకో.

పాతదాన్ని ఇనపకొట్టుకు వెయ్యనా అన్నాడు.
వద్దన్నాను. ఆఫీసు తలుపు గాలికి కొట్టుకుంటుంది,
అడ్డం పెట్టుకుంటాను.

సోమవారం ఆరింటికి కొత్తమ్మాయి, పేరు రోజారాణి.
తిరగలి లేదు, బండి లోపల
ఆ అమ్మాయి గాజుల చప్పుడు వినబడుతోంది.
క్లచ్ వదిలింది. ఒక్కసారిగా.
బండి ఎగిరి, దగ్గి, ఆగిపోయింది.
నా ఎడమ తుంటి కింద కొత్త పళ్ళు
మొదటి సంతకం తీసుకున్నాయి.

"సారీ మేడం."

న్యూట్రల్ చెయ్. తాళం తిప్పు.
ఈసారి వెనక్కి పోదాం.