సగం క్లచ్చి

మా కారెక్కితె తుమ్ములు.
ఎనుమాముల మార్కెట్ల బాపుకు అడ్తి దుకాణం.
పొద్దుగాల శాంపిలు మిర్చి, మాపటికి మేము,
అదే ఎన్క సీటు మీద.
పెండ్లికి పోయినా దవాఖానకు పోయినా
డోరు తీయంగనే వరుసగ నలుగురం తుమ్మేటోళ్లం.
వాకిట్లకు రాకముందే
చుట్టాలు చాయ్‌కి నీళ్లు పెట్టేటోళ్లు.

పాల రంగు పద్మిని. ఏపీ ముప్పై ఆరు.
బాపు కొన్నడు గాని నడుపుడు నేర్వలే.
స్టీరింగు పట్టుకుంటె చేతులకు చెమట పడుతదని
దాన్ని యాకయ్యకు అప్పజెప్పి
తను ముంగటి సీట్ల కూసొని
లెక్కల బుక్కు ఒళ్లె ఏసుకునేది.
గేరు మారినప్పుడల్ల ఒక అంకె తప్పేది.
బాపు రాని రోజు ఆ సీట్ల
టిఫిను డబ్బ కూసునేది. అమ్మ కాదు.

అన్నకు నేర్పుమన్నడు. తమ్మునికి నేర్పుమన్నడు.
నా ముచ్చట రాలే. నేనూ అడగలే.
యాకయ్యనే ఒకనాడు బానెట్ల తల పెట్టి,
"నీ చెవులు మంచియి బిడ్డా,
మూడో ప్లగ్గు కొట్టుకుంటలేదని
నీకే ముందు తెలిసింది" అన్నడు.
అదే నా అడ్మిషను.

ఆర్ట్స్ కాలేజి గ్రౌండు, పొద్దున ఐదున్నర.
కానిస్టేబులు ఉద్యోగాలకు ఉరుకుడు నేర్చుకునే పోరలు
నా బండిని చూసి ఇంకింత జోరుగ ఉరికేటోళ్లు.
ఆ ఏడు ఎంతమంది సెలెక్టయిన్రో,
అండ్ల సగం పుణ్యం నాది.
యాకయ్య తిట్టడు. తప్పు చేస్తె బీడీ ముట్టిస్తడు.
మొదటి వారం కట్టకు కట్ట కాలింది.
"క్లచ్చి అంటె దారం.
మొత్తం ఇడువకు, మొత్తం గుంజకు.
పతంగి ఎగిరేసినవా ఎన్నడన్న?"
లేదన్న.
ఇంకో బీడీ ముట్టిచ్చిండు.

కాజీపేట బ్రిడ్జి సగం ఎక్కినంక
ముంగట ఆర్టీసీ బస్సు ఆగింది.
ఎన్క సిమెంటు లారీ, అద్దం నిండ దాని మూతి.
కింద కెల్లి రైలు పోయింది,
బ్రిడ్జి వణికిందో, నేను వణికిన్నో.
బండి జానెడు ఎన్కకు జారింది.
యాకయ్య చెయ్యి లేచింది,
స్టీరింగుకు జానెడు దూరంల ఆగింది,
అక్కడనే ఉన్నది.
అరికాలు కింద ఏదో సన్నగ పట్టుకున్నది,
బాయిల పడ్డ బొక్కెనకు గాలం తగిలినట్టు.
ఇప్పుడు నా బండికి క్లచ్చే లేదు.
ఐనా ఆ బ్రిడ్జి ఎక్కుతుంటె
ఎడమకాలు చాప కింద దేవులాడుతది.

ఆ ఎండకాలమే, జమ్మికుంటల చిన్నమ్మకు ఆపరేషను.
యాకయ్య అన్నారం దర్గకు మొక్కు చెల్లియ్య పోయిండు.
అన్న ఊర్లె లేడు.
బాపు చాబీ బల్ల మీద పెట్టి
ఎవ్వరి దిక్కు చూడలే.
నేను తీసుకున్న.
బాపు ఎన్క డోరు తీసిండు,
ముంగట కూసుంటె బీపీ లేస్తదని.

పదకొండేండ్లల్ల మొదటిసారి
అమ్మ టిఫిను డబ్బను లేపి
ఆ సీట్ల కూసున్నది,
ఈపు ఆనియ్యకుండ,
ఎవలన్న వచ్చి లెవ్వుమంటరేమో అన్నట్టు.
హసన్‌పర్తి దాటినంక
తాళ్ల నడుమ కెల్లి రోడ్డు
మా మీదికి ఉరికి రావట్టింది.
"ఇన్నేండ్లు రోడ్డంటె
పక్క పొంటి ఎన్కకు పోయేదనుకున్న.
ఇదేందే, ఎదురొస్తది."
నాతోని కాదు, అద్దంతోని అన్నది.

ఎల్కతుర్తి కాడ గొర్ల మంద అడ్డమొచ్చింది.
అమ్మ కుడికాలు, ఏమీ లేని చోట,
గట్టిగ బ్రేకు తొక్కింది.
నేను తొక్కింది ఆమె తర్వాతనే.

గొర్లు పోయేదాక ఎవలం మాట్లాడలే.
ఎన్క బాపు తుమ్మిండు.
లెక్క తప్పినట్టున్నది,
మల్ల మొదటి కెల్లి కూడుతుండు.