అద్దె గాలి

నాలుగు మాటలకోసారి
ఆగాలి నేను.
ముందే చెబుతున్నా,
విసుక్కోవద్దు.

చీమకుర్తి క్వారీలో
పదహారేళ్లు
జాక్‌హ్యామర్ పట్టినోణ్ణి.
గాలికి కరువు లేదప్పుడు.
పచ్చరంగు కంప్రెసరు
గట్టు మీద నిలబడి
గంటకింతని అద్దెకు
ఊదుతా ఉండేది.
ఆ గాలితోనే
నల్లరాతికి బెజ్జాలు వేశా.
గాలంటే డీజిలు ఖర్చనుకున్నా.

మూడో మెట్టు మీంచి పడ్డా.
పెద్ద ఎత్తేం కాదు.
మెడకాడ వెన్నుపాము
నలిగిందన్నారు.
పక్కటెముకల నడిమి కండలు
పనిలోకి రావడం మానేశాయి.
పొట్ట కండలూ అంతే.
ఒక్కటే మిగిలిందంట,
ఊపిరితిత్తుల కింద
బోర్లించిన మూకుడులాంటి కండ.
పదిమంది పని
ఒక్కటే చేస్తోంది,
ఓవర్‌టైము అడక్కుండా.

జిలానీ వచ్చాడు
ఒంగోలు నుంచి, బైకు మీద.
సంచిలోంచి తీశాడు
అరచెయ్యంత గొట్టం.
లోపల స్ప్రింగు.
ముక్కుకి క్లిప్పు.
"పీల్చన్నా.
తొమ్మిది మీద పెట్టా."

పీల్చా.
రాలా.
పీల్చా.
టిక్కుమంది.
ఏందో విరిగిందనుకొని
పొయ్యికాడ నుంచి
లేచొచ్చింది వెంగమ్మ.

పొద్దున ముప్పై, మునిమాపున ముప్పై.
లెక్క ఆమెది. చింతగింజలు
ఈ చాటలోంచి ఆ చాటలోకి.
ఇరవై రెండుకాడ కళ్లు తిరుగుతాయి నాకు.
ఆమె గింజ పట్టుకొని ఆగుద్ది,
కింద పెట్టదు, తొందర చెయ్యదు.
ఒకరోజు గొట్టం ఉమ్మేశా.
"కాళ్లు తెప్పించే మందుంటే తే" అన్నా,
అంతమాటకి రెండుసార్లు ఆగి.
జిలానీ అబద్ధం చెప్పలా.
"కాళ్లకి కాదన్నా ఇది,
దగ్గుకి" అన్నాడు.

దగ్గు.
మీకది జబ్బు.
రాత్రిళ్లు కఫం అడ్డుపడితే
వెంగమ్మని లేపాలి.
కేకెయ్యడానికీ గాలి కావాలి గదా,
నాలుకతో టక్కుమనిపించేవాణ్ణి.
లేచి, నా డొక్క కింద రెండు చేతులూ ఆనించి
"ఊఁ, ఇప్పుడు" అని నెట్టేది.
పగలంతా పొగాకు గ్రేడింగు చేసిన చేతులు.
ఆ ఘాటుకే సగం దగ్గొచ్చేది.

ఆరు వారాలకి
స్ప్రింగు పదకొండుకొచ్చింది.
పదకొండంటే ఎంతో నాకు తెలవదు.
కంప్రెసరు నవ్వుద్దేమో వింటే.

మొన్న, రాత్రి రెండో మూడో,
రోడ్డున రాళ్ల లారీలు పోతా ఉన్నాయి.
గొంతులో అడ్డం పడింది.
టక్కుమనిపించబోయి ఆగా.
ముప్పై ఒకటోది అనుకొని
లోపలికి లాగా, ఇంకొంచెం, ఇంకొంచెం,
నా అంతట నేనే దగ్గా.
పిల్లి తుమ్మినంత.
వచ్చేసింది.

వెంగమ్మ లేవలా.
నోరు కాస్త తెరిచి
పొగాకు చేతులు చెంప కింద పెట్టుకొని
ఎన్ని నెలలకో, ఒకే నిద్ర.
లారీలన్నీ పొయ్యేదాకా
ఆమె ఊపిరి లెక్కపెడతా పడుకున్నా.
మూడొందలు దాటాక తప్పిపోయింది.

తెల్లారి చెప్పా:
"రాత్రి నిన్ను లేపకుండా నా దగ్గు నేనే దగ్గానే వెంగమ్మా."
చాట కింద జారిన గింజ వెతుకుతా
"సర్లే, ముందు గొట్టం నోట్లో పెట్టుకో" అంది.