కుడివైపు పై మూల

బొమ్మతో పాటు ఒక పేజీ రాసివ్వమన్నారు, బద్రి మాస్టారూ.
ఇదే ఆ పేజీ.
బొమ్మ మాత్రం నా దగ్గర లేదు.

మ్యూజియం నేలమాళిగలో మీరు చూపించిన పోస్టరు గుర్తుందిగా,
తేయాకు తోటలో పిల్ల.
బుట్ట నిండుగా ఉంది, బరువు లేదు.
వేళ్లు తెల్లగా ఉన్నాయి.
మా గురియాలో ఆకు కోసిన చేతులు
పెళ్లినాడు కూడా నల్లగానే ఉండేవని అమ్మ అంటుంది,
నిమ్మచెక్క పెట్టి రుద్దినా వదలదట ఆ పసరు.

ఆ రోజు నోట్‌బుక్‌లో రాసుకున్నాను:
రంగులు మూడే.
మనిషిని మోకాళ్ల ఎత్తు నుంచి చూడాలి.
కాళ్ల కింద నీడ వేయకూడదు,
నీడ ఉంటే పొద్దెంతో తెలిసిపోతుంది.
పళ్లు పైవరుసే కనపడాలి.
కళ్లు కాగితం దాటి
కుడివైపు పై మూలకి.

దీన్నే మీ మనిషితో మళ్లీ గీయండి అన్నారు మీరు.
నా మనిషి త్సియూరి పిన్ని.
మెట్రో మెట్ల దగ్గర పొద్దుతిరుగుడు గింజలమ్ముతుంది,
గ్లాసు లెక్కన.
పద్నాలుగేళ్లకే తేయాకు బుట్ట మోసింది.
పోస్టరు ఆమెకేదో బాకీ ఉందనుకున్నాను.

"పైకి చూడు పిన్నీ."
"అక్కడేముంది?"
"రేపు."
"కిందటిసారి అటు చూసి నడిచే కదా
మురిక్కాలవలో పడి మడమ విరిగింది."
అయినా చూసింది, నాకోసం,
మెడ పట్టేసేదాకా,
ఎదురుగా మందుల షాపు పచ్చ దీపం వైపు.
కదలకుండానే చెప్పింది:
అలాంటి పిల్ల బొమ్మే మా కాటా గదిలోనూ ఉండేది.
తూకం తగ్గించే రాళ్లు
దాని వెనకే దాచేవాళ్లు.
మేమేం తక్కువా, ఆకు తడిపి తెచ్చేవాళ్లం.

ఇక్కడొకటి ఒప్పుకోవాలి.
వెక్కిరించడానికే మొదలెట్టాను.
కానీ ఎర్రరంగు ముంచిన కుంచె
ఆమె తలగుడ్డ మీదుగా ఒక్క ఊపులో దిగినప్పుడు
నా చెయ్యి సంతోషించింది, మాస్టారూ.
గడ్డం కింద ముడత ఒకటి తీసేశాను.
తర్వాత ఇంకొకటి.
ఎవరూ అడగలేదు. గదిలో ఏ కమిటీ లేదు,
హీటరుంది, చల్లారిన టీ ఉంది, నేనున్నాను.
భుజాలు వెడల్పు చేశాను.
రాత్రి రెండింటికి పిన్ని ఎవరినైనా ఓడించేలా ఉంది,
పిన్నిలా మాత్రం లేదు.

ఆ పాత పోస్టరు వేసినవాడు
ఒట్టి అబద్ధాలకోరని అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ.
ఏమో, వాడికీ ఓ పిన్ని ఉండేదేమో.

కింద నినాదానికి జాగా వదిలాను.
ఏం రాయమంటావంటే ఒక్క క్షణం ఆలోచించలేదు:
"పెద్ద గ్లాసు ఎనభై తెత్రి, చిన్నది యాభై."
రాశాను. పెద్దక్షరాలతో, ఎర్రగా,
చివర ఆశ్చర్యార్థకంతో.

మర్నాడే బల్ల వెనక గోడకి టేపుతో అంటించుకుంది.
ఎవరో ముసలాయన ఆగి
నవ్వాలో టోపీ తీయాలో తెలియక
రెండు గ్లాసులు కొన్నాడట.
మంగళవారం వెళ్లి అడిగితే ఇవ్వలేదు.
"మార్కులకి ఫోటో తీసుకుపో."

ఫోటో జతచేశాను, చూడండి.
భుజాలు నావే. ఎరుపు నాదే. గడ్డం నునుపూ నాదే.
కళ్లు మాత్రం నావి కావు.
అప్పుల పద్దు రాసుకునే నీలం పెన్నుతో
నేను పెట్టిన కనుపాపల్ని కొట్టేసి
కిందికి, గింజల వైపు,
రెండు చుక్కలు పెట్టుకుంది.
కొంచెం మెల్లకన్ను వచ్చింది.

ఎందుకు పిన్నీ అంటే
చిల్లర లెక్కపెడుతూనే అంది:
"అది అటు చూస్తూ కూర్చుంటే
గ్లాసులో చెయ్యి పెట్టే కుర్రాళ్లని
ఎవరు చూస్తారే?"