పేర్ల అధ్యాయం

గురువారం ఏడు దాటాక
మల్కాపురం చర్చి వెనక గదిలో
పెద్దవాళ్ళ బైబిలు తరగతి.
కుర్చీలు మాత్రం ఆదివారం బడి పిల్లలవి,
కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగుల్తాయి.
గోడమీద అట్టముక్కల ఓడ.
అందులోంచి జిరాఫీ ఒకటి
జిగురూడి, తల బయటపెట్టి
మమ్మల్నే చూస్తుంటుంది.

కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే బొగ్గుపొడి.
వేలితో తుడుచుకుంటూ చదవాలి.
అందుకే మా అందరి పుస్తకాలకీ
కుడివైపు కింద మూల నల్లగా ఉంటుంది.

నేను హాజరు రాస్తాను.
ముప్పైయొక్కేళ్ళు ఖనిజం బెర్తులో
మస్టరు రాసిన చెయ్యి, ఊరికే ఉండలేదు.
"ఇదేమైనా డ్యూటీయా బాబూ" అన్నాడు థియోఫిలస్ మాస్టారు మొదట్లో.
తర్వాత తనే ఒక రూళ్ళకర్ర తెచ్చిపెట్టాడు.

ఆవేళ పాఠం వంశావళి.
ఫలానావాడు ఫలానావాణ్ణి కనడం,
వాడు ఇంకొకణ్ణి కనడం.
చదివే వంతు మోజేసుది.
యాభైనాలుగేళ్ళకి
మనవరాలి పలకమీద ఒత్తులు దిద్దుకున్నవాడు.
షిప్‌యార్డులో వెల్డరు, నిప్పురవ్వలకి బెదరడు గానీ
జెరుబ్బాబెలు దగ్గర
ఎదురుగా లారీ వచ్చినట్టు ఆగిపోయాడు.
వెనక ఎవరో కిసుక్కుమన్నారు.
నేనే అన్నాను:
"పేర్లేగా మాస్టారూ, దాటేద్దాం.
కథ ఉన్న చోటికి పోదాం."

గైరమ్మ అంతవరకూ గోడకానుకుని
కళ్ళు మూసుకునుంది.
రిఫైనరీ క్వార్టర్లలో ఆరిళ్ళ అంట్లు తోమొచ్చిన ఒళ్ళు,
నిద్రపోయిందనుకున్నాం.

"ఒగ్గీకండి బాబూ. ఒక్కటీ ఒగ్గీకండి.
తప్పు పలికినా పర్నేదు.
రేసన్ కార్డులో నన్ను గౌరమ్మని కొట్టీసినారు,
పదేళ్ళు ఆవిడ బియ్యం నాను తిన్నాను.
రాసినోడు అంత ఓపిగ్గా రాసినాడు గదా,
సదివీవోళ్ళకేటి తొందర?"

మోజేసు మళ్ళీ మొదలెట్టాడు.
ఒక్కో పేరూ
క్రేను గొలుసుకి తగిలించిన ఇనపరేకులా
కాసేపు గాల్లో ఊగి, మెల్లగా దిగింది.
కొందరు రాజులట.
కొందరి గురించి ఇంకెక్కడా
ఒక్క ముక్కైనా లేదన్నాడు మాస్టారు.
ఆడవాళ్ళ పేరొచ్చినప్పుడల్లా
గైరమ్మ ఒక వేలు ముడిచింది.
ఒకామెకైతే పేరే లేదు, ఫలానావాడి భార్య, అంతే.
ఆ వేలు సగమే ముడిచింది.

బయట ఏదో ఓడ కూత పెట్టింది.
నాకు మసేను గుర్తొచ్చాడు.

బెర్తులో కాంట్రాక్టు కూలీ.
కన్వేయరు పక్కన పడ్డ రోజు
మేస్త్రీ నా భుజం మీదుగా వంగి
"ఈవేళ ఆడు పన్లోకి రాలేదని రాసీండి" అన్నాడు.
రాశాను.
ఒక్క అక్షరం, ఎంతసేపు పడుతుంది?
ఆ పేజీని ఈపాటికి చెదలు తినుంటాయి.
చేతిని తినలేదు.

చెప్పేద్దామనుకున్నాను.
చివర్న సాక్ష్యాలకి ఐదు నిమిషాలుంటుంది.
ఆ ఐదు నిమిషాలూ
దీనమ్మగారి మోకాలి ఆపరేషను తీసుకుంది.
తీసుకున్నందుకు, అబద్ధమెందుకు, సంతోషించాను.

అందరూ టీ గ్లాసులు పట్టుకున్నాక
పుస్తకం ముందేసుకుని
పదకొండు పేర్లకీ టిక్కులు పెట్టాను.
పన్నెండో వరసలో రాశాను: మసేను.
ఇంటిపేరు గుర్తురాలేదు.
అసలెప్పుడూ అడగలేదనుకుంటా.
పక్క గడిలో ఏమీ పెట్టలేదు.

మోజేసు నా భుజం మీదుగా వంగి
కూడబలుక్కున్నాడు, "మ... సే... ను.
కొత్తగా చేరాడా సార్?"
"పేరు మట్టుకు" అన్నాను.

గ్లాసు తొలుస్తున్న గైరమ్మ
తలెత్తి నన్నే కాసేపు చూసింది.
ఏమడుగుతుందోనని
రూళ్ళకర్ర గట్టిగా పట్టుకున్నాను.

"అయితే వచ్చే గురువారానికి
ఇంకో కుర్చీ ఎయ్యాల" అంది.
"పెద్దది దొరుకుద్దేమో సూడండి బాబూ."