గాలికి కప్పం

ఇసకపల్లి దగ్గర పాత ఉప్పు కొటారు.
ఆ ఏటి తుపానుకు గట్లన్నీ కరిగిపోయి
మడికీ మడికీ మధ్య హద్దు చెరిగాక
మిగిలింది కిలోమీటరున్నర తెలుపు,
నాపరాళ్లు పరిచినంత గట్టిగా.
కొటారు యజమాని అప్పుల్లో ఉన్నాడు.
మేం పండగలో ఉన్నాం.

నేను రేకులు కొట్టేవాణ్ణి.
అల్లూరు సెంటర్లో నా కొట్టు.
మస్తాన్ ఇంజన్లవాడు.
రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే డీజిల్ మోటారు
ఒక్కసారి దగ్గితే చాలు,
గట్టు మీద నిలబడే రోగం చెప్తాడు.

పద్దెనిమిది గుర్రాల పాత బుల్లెట్ ఇంజన్ని
పొడుగాటి ఇనప చట్రంలో బిగించి
మొదటిసారి ఉప్పు మీద వదిలితే
నూట పన్నెండు.
"గుర్రాలు చాల్లేదబ్బా" అన్నాడు మస్తాన్.
రంజాన్ నెలంతా
ఎండిన పెదాలతో సిలిండరు తల అరగదీసి
ఇరవై నాలుగు చేశాడు.
ఆరు గుర్రాలు అదనంగా కడితే
పెరిగింది పదకొండు కిలోమీటర్లు.
"మిగతాయి యాడికి పొయినయ్యిరా?"
"గాలి మేసింది."

గాలిది వడ్డీవ్యాపారం.
సైకిల్ మీద పొయ్యేవాడి జోలికి రాదు.
వేగం రెట్టింపు కావాలన్నావనుకో,
ఎనిమిది రెట్ల గుర్రాలు
ముందు కట్టి మాట్లాడమంటుంది.
కావలి సేట్లు కూడా అంత అడగరు.

జువ్వలదిన్నె రేవులో ఒక వంజరాన్ని కొని
ఐసులో పెట్టి రెండు రోజులు కొలతలు తీశాను.
మూడోరోజు మా ఇంటామె
చేపనూ కాయితాలనూ కలిపి పారేసింది.
అప్పటికే చేతులకు ఎక్కింది ఆ వంపు:
ముక్కు కాస్త మొద్దుగా ఉన్నా ఓర్చుకుంటుంది గాలి,
విడిపోయేటప్పుడే దానికి గొడవంతా.
అందుకే వెనక్కి పోయేకొద్దీ సన్నం చేశాను,
ఎక్కడ తెగిందో దానికే తెలియనట్టు.

నడిపేది పామంజి దేవసేన.
నలభై నాలుగు కిలోలు,
రేవంతా వినపడే వేలంపాట గొంతు.
ఆమె భుజాల కొలతకే రేకు కుదించాను.
"ఊపిరి లోపలికి పీలిస్తే పట్టదన్నా."
"పీల్చబాక."

నేలగాలి ఆగి, సముద్రపు గాలి ఇంకా లేవని
ఆ తెల్లారుజాము అరగంటలో
నూట యాభై ఐదు!
మస్తాన్ స్టాప్‌వాచీని ముద్దుపెట్టుకున్నాడు.
నేను మాత్రం ఉప్పు మీద గీత చూస్తున్నా.
చివరి మూడొందల మీటర్లు
జెర్రిపోతు పాకిన జాడ.

దేవసేన బయటికొచ్చి చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత, అరచేతులు చూసుకుంటా,
"మరీ నున్నంగా చేశావన్నా.
దాన్ని ఎనకనించి పట్టుకునేవాళ్లు లేరు.
పడవకైనా చుక్కాని ఉంటది."

ఆ రాత్రి కొట్లో
రెండడుగుల ఎత్తున తోకరెక్క కోశాను.
నా కత్తెర ఎప్పుడూ అంత మొరాయించలేదు.
చదరపంగుళం చదరపంగుళం
గాలి నోట్లోంచి లాక్కున్నదాన్ని
మళ్లీ నా చేత్తోనే వడ్డిస్తున్నాను.
"నా గుర్రాల్ని మేపతన్నావా దానికి?" అన్నాడు మస్తాన్.
"రెండింటిని. దాదాపు."
బీడీ ఆరిందాకా ఆలోచించి
రివెట్లు తనే అందించాడు.

నూట యాభై ఒకటి.
నాలుగు కిలోమీటర్లు కప్పం కట్టాం.
ఉప్పు మీద గీత
మేస్త్రీ దారం లాగి కొట్టినట్టుంది.

ఏడున్నరకు సముద్రపు గాలి లేచింది.
"ఇంజన్ని ఇరవై ఆరు చేస్తా,
తోక రెండంగుళాలు తగ్గించు" అని మస్తాన్,
"అంగుళం" అని నేను.
ఎటూ తేలకముందే
దేవసేన హెల్మెట్ నా చేతిలో పెట్టి
వేలానికి టైమైందని మోపెడ్ ఎక్కింది.

ముప్పైలో పోతోంది, గట్టు మీద,
ఎదురుగాలికి
చున్నీ బారెడు వెనక ఎగురుతుంటే.

అందులో ఎంత గుర్రం పోతుందో
ఇద్దరం
లెక్కేస్తా నిలబడ్డాం.