తరుగు

ఇరవై తొమ్మిది.
రవళి వాళ్ల అన్న ఫోన్ల చూసి చెప్పిండు.
లెక్కలల్ల ఇరవై తొమ్మిది.
ఆరు తక్కువ.
అమ్మ చాటల బియ్యం ఏరుకుంటనే
"ఆరేనా" అన్నది
కిరాణంల ఆరు రూపాయలు బాకీ వడ్డట్టు.

తెల్లారి నుంచి ఎనుమాముల మార్కెట్టుకు
అమ్మ ఎంబడి నేను గూడ.
షెడ్డు కింద తేజ మిర్చి కుప్పలు,
ఒడి నిండ తొడిమలు, ముక్కుకు తువ్వాల.
మొదటి రోజే కొంరవ్వ చెప్పింది:
"బిడ్డా, ఏడుపొస్తె ఏడ్వు గని
కండ్లు మాత్రం తుడుచుకోకు.
ఆ చేతులు నీయి గావిప్పుడు."

తుడువకున్నా
కన్నీళ్లు వాటంతటవే ఎండుతయని
నాకు గట్ల తెలిసింది.

సద్ది తిన్నంక
బస్తా మీద పుస్తకం.
పేజీ పేజీకి ఎర్రటి వేలిముద్రలు.
వర్గ సమీకరణాలు.
ఒక లెక్కకు "వాస్తవ మూలాలు లేవు" అని వచ్చింది.
నవ్వొచ్చింది, నా గురించే రాసినట్టు.
మళ్ల చేసి చూస్తే
మైనస్ దగ్గర గుర్తు తప్పేసిన.
మూలాలున్నయి. రెండున్నయి.

ఓ బుధవారం
రేగొండ రైతు ఒకాయన చిట్టీ పట్టుకొని నిలవడ్డడు.
నలభై మూడు బస్తాలు,
తరుగు పోను బస్తాకు ముప్ఫై ఎనిమిది కిలోలు.
చిట్టీల పదిహేను క్వింటాళ్ల తొంభై నాలుగు.
నా నోరు నన్నడగకుండనే లేచింది:
"పదహారు ముప్ఫై నాలుగు గావాలె."
దడువాయి నన్ను కాదు, నా చేతులు చూసిండు.
"ఏం సదువుతున్నవ్?"
"పది."
కొంచెం ఆగి, "ఫెయిలు."
లెక్కవెట్టిండు. మళ్ల లెక్కవెట్టిండు.
కొట్టేసి రాసిండు.
ఎవ్వరు సప్పట్లు కొట్టలే.
రైతు తన చాయ సగం సాసర్ల పోసి
నా దిక్కు జరిపిండు. గంతే.

చాయ ఊదుకుంట అనుకున్న:
నాకు గూడ ఆరు తరుగు తీసిన్రు.
తియ్యనీ.
కిలోలల్ల తీస్తరు గని
కారంల ఎవడు తీస్తడు?

జూన్ల సప్లిమెంటరీ.
హన్మకొండల సెంటర్ వడ్డది.
రాత్రంత కొబ్బరినూనె రాసినా
వేళ్లు సన్నగ మండుతనే ఉన్నయి.
ఏడో లెక్క రాలే.
ఎనిమిదికి పోయిన.
నడుమ కన్ను దురదవెట్టింది.
చెయ్యి లేపిన,
కొంరవ్వ యాదికొచ్చింది,
లేపిన చెయ్యి దించకుండనే
సారును ఇంకో కాయితం అడిగిన.